సెవెన్ కార్డ్ స్టడ్: ఎప్పుడు బెట్ కట్టాలి, ఎదుటివాళ్ల చేతిలో ఏముందో ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. న్యూజెర్సీలో ఉంటున్న ఒకరు స్నేహితుల ఇంట్లో ఎనిమిది మందితో 10-20 చిప్స్ లిమిట్‌లో సెవెన్ కార్డ్ స్టడ్ ఆడుతున్నారు. రమ్మీ బాగా వచ్చు, హోల్డెమ్ అనే ఇంకో పోకర్ ఆట కొంత తెలుసు. "మంచి జతతో మొదలుపెట్టినా చివరి ముక్క దాకా వెళ్లి ఓడిపోతున్నాను. ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు వదిలేయాలి, అవతలివాళ్ల దగ్గర ఏముందో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు.

ఈ పోకర్ ఆటలో తలా ఏడు ముక్కలు: మొదట రెండు మూసి ఒకటి తెరిచి, తర్వాత మూడు ఒక్కొక్కటిగా తెరిచి, చివరిది మూసి పంచుతారు. సూటిగా జవాబు చెప్తాను. మీ మూడు ముక్కలు ఎంత విలువైనవో బల్ల మీద తెరిచి ఉన్న మిగతా ఏడు ముక్కలు చెబుతాయి. మీకు పనికొచ్చే ముక్కలు అక్కడ కనిపిస్తున్నాయంటే మూడో ముక్క దగ్గరే వదిలేయండి. కనిపించకుండా, మీ దగ్గర పెద్ద జత ఉంటే అక్కడే రైజ్ చేసి (బెట్ పెంచి) జనాన్ని తగ్గించండి. అయిదో ముక్క దగ్గర బెట్ రెట్టింపు అవుతుంది కాబట్టి అక్కడ ఆగి మళ్లీ లెక్క చూసుకోండి. అది దాటారంటే దాదాపు చివరిదాకా వెళ్లాల్సిందే. ఇక ఎదుటివాళ్లను చదవడం అంటారా, ముఖాలు చూడటం తర్వాతి సంగతి. ముందు ఏ ముక్క ఏ వరుసలో పడిందో, అది పడినప్పుడు వాళ్లు ఏం చేశారో గుర్తుపెట్టుకోవాలి. చివరిదాకా వెళ్లి ఓడిపోతున్నారంటే తప్పు మూడో ముక్క దగ్గరో అయిదో ముక్క దగ్గరో జరుగుతోంది, ఏడో ముక్క దగ్గర కాదు.

కింద లెక్కలన్నీ ఎనిమిది మంది, తలా 2 ఆంటీ (ముక్కలు పంచకముందే అందరూ పెట్టేది), 5 బ్రింగ్-ఇన్ (తప్పనిసరిగా కట్టే మొదటి బెట్) అనుకుని వేశాను. మూడు, నాలుగు ముక్కల దగ్గర బెట్ 10 చొప్పున. అయిదు, ఆరు, ఏడు దగ్గర 20 చొప్పున. అందరికన్నా చిన్న ముక్క తెరిచినవాళ్లు బ్రింగ్-ఇన్ కట్టాలి. ఒకే అంకె రెండు చోట్ల ఉంటే కళావరు అన్నిటికన్నా కింద, దానిపైన డైమను, ఆపైన ఆటీను, ఇస్పేటు. నాలుగో ముక్క నుంచి తెరిచిన ముక్కల్లో ఎవరివి పెద్దవైతే వాళ్లే ముందు మాట్లాడాలి. మీవాళ్లు పెద్ద హ్యాండ్, చిన్న హ్యాండ్ డబ్బు పంచుకునే హై-లో ఆడుతున్నా, బెట్‌కు హద్దు లేని నో-లిమిట్ ఆడుతున్నా ఈ సలహాలో సగం మారిపోతుంది.

చూసిన ముక్కల లెక్క

మూడు ఆటీన్లతో మొదలుపెట్టారనుకుందాం. మిగతా ఏడుగురి తెరిచిన ముక్కల్లో ఒక్క ఆటీనూ లేకపోతే ఏడో ముక్కకల్లా మీకు ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు అయిదు) పడే అవకాశం 23.6 శాతం. ఒక ఆటీను కనిపిస్తే 19.6. రెండు కనిపిస్తే 15.8. మూడైతే 12.3. నాలుగైతే 9.1. మీ చేతిలో ముక్కలు మారలేదు, వాటి విలువ మాత్రం సగానికన్నా కిందికి పడిపోయింది. నా పద్ధతి ఏమిటంటే, ఒకటి కనిపించినా ఆడతాను. రెండు కనిపిస్తే రైజ్ లేకుండా చవగ్గా వస్తేనే. మూడు కనిపిస్తే, ఆసు-రాజు లాంటి పెద్ద ముక్కలు కలిసి ఉంటే తప్ప పడేస్తాను.

జత సంగతీ అంతే. రెండు రాణులుండి, మిగతా రెండు రాణులూ ఎక్కడా కనిపించకపోతే రాబోయే నాలుగు ముక్కల్లో మూడో రాణి తగిలే అవకాశం 18 శాతం పైన. ఒక రాణి ఇంకొకరి ముందు తెరిచి ఉంటే 9.5. రెండూ తెరిచి ఉంటే సున్నా. అలాంటి రాణుల జతను చాలామంది మామూలు జత లాగే ఆడి చివరిదాకా లాక్కుపోతారు. అది డబ్బు పారేయడమే.

రమ్మీ ఆడేవాళ్లకు ఈ పని కొత్త కాదు. పక్కవాళ్లు ఏం పడేశారు, ఏం ఎత్తుకున్నారు అన్నది రమ్మీలో మనసులో పెట్టుకుంటారు కదా, అదే ఇక్కడా. తేడా ఏమిటంటే ఫోల్డ్ చేసిన (ఆట వదిలేసినవాళ్ల) ముక్కలు బల్ల మీద నుంచి వెళ్లిపోతాయి, మళ్లీ చూసే వీలు ఉండదు. అందుకే మీ మూసిన ముక్కలు రెండూ ఒక్కసారి, రంగులతో (ఆటీను, ఇస్పేటు లాంటివి) సహా చూసి గుర్తుపెట్టుకుని, వెంటనే తల పైకెత్తండి. మొదట మీ అంకెలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా చూడండి. తర్వాత మీ రంగు ఎన్ని చోట్ల ఉందో చూడండి. స్ట్రెయిట్ (వరుస అంకెలు అయిదు) కోసమైతే మీకు రెండు పక్కలా కావాల్సిన అంకెలు చూడండి. ఆటలో ఉన్నవాళ్ల ముక్కలు ఎలాగూ కళ్లముందే ఉంటాయి, గుర్తుపెట్టుకోవాల్సింది ఫోల్డ్ అయినవే. అవి ఏ వరుసలో వెళ్లినా మీరు చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చుకుని మనసులో అనుకోండి: "రెండు, నాలుగు, ఆరు, తొమ్మిది, జాకీ, రాజు". ఇలా పేర్చుకుంటే ఏడో ముక్క దాకా నిలుస్తుంది. రంగులు అన్నీ అక్కర్లేదు, మీకు సంబంధించిన రంగు ఎన్ని పోయాయో ఒక అంకె చాలు.

ఏ ముక్కలతో దిగాలి

మూడూ ఒకే అంకె పడటం 425 హ్యాండ్లకు ఒకసారి. దాని గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఊరికే కాల్ చేసే (పెంచకుండా ఎదుటి బెట్‌కు సమానంగా కట్టే) బల్లలో దాన్ని దాచిపెట్టి ఆడే అవసరమూ లేదు, మామూలుగా కట్టండి.

అసలు ఆట నడిచేది జతల మీద. ముక్కలు పంచగానే జత చేతికి రావడం దాదాపు 17 శాతం. పదుల నుంచి పైకి ఉన్న జత, అంకెలు లైవ్‌గా (ఇంకా ఎక్కడా కనిపించకుండా) ఉంటే, రైజ్ చేయాల్సిన హ్యాండ్. మీ జతకన్నా పెద్ద ముక్క తెరిచినవాళ్లు మీకన్నా ముందే రైజ్ చేశారంటే మాత్రం వాళ్ల దగ్గర ఆ పెద్ద జత ఉందనే అనుకోండి. పెద్ద జతకు చిన్న జత ఒంటరిగా ఎదురైతే పెద్దది 100కి 60-65 సార్లు గెలుస్తుంది. మీరు మాటిమాటికీ రెండో వైపున ఉంటున్నారేమో చూసుకోండి.

చిన్న జతకు పక్కన ఉన్న మూడో ముక్కే ప్రాణం. 7-7-ఆసు ఉండి, ఆసులు ఎక్కడా కనిపించకపోతే, రాణుల జత మీదకు కూడా కాల్ చేయవచ్చు. ఆసు జతపడితే రాణుల్ని దాటేస్తారు. అదే 7-7-4 అయితే దేనికీ పనికిరాదు. జత రెండు ముక్కలూ మూసి ఉంటే విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే మూడోది తెరిచి పడినప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

మూడు రంగు ముక్కలకు (మూడూ ఒకే రంగువి), వరుసగా ఉన్న మూడు ముక్కలకు ఎక్కువమంది ఆటలో ఉండటం మంచిది. జతకు ఒకరిద్దరే ఉండటం మంచిది. ఈ ఒక్క తేడా మనసులో ఉంటే మూడో ముక్క దగ్గర ఎప్పుడు రైజ్, ఎప్పుడు కాల్ అన్న ప్రశ్న సగం తేలిపోతుంది. రాణుల జతతో ఊరికే కాల్ చేసి నలుగురిని లోపలికి రానిస్తే, ఆ నలుగురిలో ఒకరికి ఏదో ఒకటి తగులుతుంది. మీరు "మంచి జతతో మొదలుపెట్టినా" ఓడిపోతున్నానన్నారు. మొదట చూసుకోవాల్సింది ఇదే.

మూడో ముక్క దగ్గర బెట్

ఆంటీలు 16, బ్రింగ్-ఇన్ 5, అంటే ఎవరూ ఏమీ చేయకముందే పాట్‌లో (మధ్యలో చేరిన చిప్స్‌లో) 21 ఉంది. మీరు 10కి పెంచి అందరినీ పంపించేస్తే 21 మీవి. 10 పెట్టి 21 తీసుకోవడం అన్నమాట. మూడింట ఒక వంతు సార్లు పనిచేసినా నష్టం లేదు. అందుకని అందరూ ఫోల్డ్ చేస్తూ మీదాకా వచ్చి, మీ ముందు ఆసో రాజో తెరిచి ఉండి, మీ వెనక చిన్న ముక్కలవాళ్లు ఒకరిద్దరే మిగిలితే, లోపల ఏమీ లేకపోయినా రైజ్ చేయండి. మీ తెరిచిన ముక్క ఇంకొకరి దగ్గర కూడా కనిపిస్తుంటే మాత్రం మానుకోండి, తెలిసినవాళ్లు నమ్మరు.

ఆంటీ ఎంతో చూసి దూకుడు మార్చుకోవాలి. ఒకప్పుడు అమెరికా క్యాసినోల్లో ఆంటీ లేకుండా 1 నుంచి 5 డాలర్ల మధ్య ఎంతైనా కట్టే స్టడ్ బల్లలు ఉండేవి. అక్కడ దొంగతనంగా పాట్ లాగడానికి పాట్‌లో ఏమీ ఉండదు, కాబట్టి గట్టి ముక్కలకోసం కూర్చోవడమే పని. మీవాళ్లు ఆంటీ 1 చేస్తే ఇంకాస్త బిగించండి, 3 చేస్తే ఇంకాస్త వదలండి.

ఎవరి పక్కన కూర్చున్నారన్నదీ లెక్కే. రైజ్ చేసినవాళ్లు మీకు సరిగ్గా ముందు మాట్లాడేవాళ్లైతే, మీరు మళ్లీ రైజ్ చేసి వెనక ఉన్నవాళ్లందరినీ ఒకేసారి రెండు బెట్లు కట్టాల్సిన ఇబ్బందిలో పెట్టవచ్చు. పెద్ద జతకు అది బంగారం. బెట్ చేసేవాళ్లు మీ తర్వాత మాట్లాడేవాళ్లైతే, మీరు చెక్ చేసి (బెట్ కట్టకుండా వంతు వదిలి), వాళ్లు బెట్ కట్టి, మధ్యవాళ్లు కాల్ చేశాక రైజ్ చేయవచ్చు. ఇది జనాన్ని తగ్గించడానికి కాదు, గట్టి హ్యాండ్‌కు డబ్బు రాబట్టడానికి.

ఎదుటివాళ్ల ముక్కలు చదవడం

అందరి మొదటి తెరిచిన ముక్కను డోర్ కార్డ్ అంటారు. అది వాళ్లు ఆడాలా వద్దా అని నిర్ణయించుకున్నప్పుడు చేతిలో ఉన్న ముక్క. నాలుగు, అయిదు, ఆరు ముక్కలు అదృష్టం కొద్దీ పడినవి. కాబట్టి డోర్ కార్డ్ ఎంతో చెబుతుంది, ఆరో ముక్క కొంచెమే చెబుతుంది. క్యాసినోల్లో ముక్కల వరుస మార్చనివ్వరు. ఇళ్లలో చాలామంది తెరిచిన ముక్కల్ని అంకెల ప్రకారం సర్దుకుంటారు. వాళ్లు సర్దకముందే డోర్ కార్డ్ ఏదో గుర్తుపెట్టుకోండి. ఆ సర్దడం కూడా ఒక సమాచారమే: 8, జాకీ, 9 తెరిచి ఉన్న మనిషి వాటిని 8-9-జాకీగా పేరుస్తున్నాడంటే స్ట్రెయిట్ ఆలోచనలో ఉన్నాడు.

మామూలుగా ఇలా చదువుకుంటాను. పెద్ద డోర్ కార్డ్‌తో ముందుగా రైజ్ అంటే ఆ అంకె జత. చిన్న డోర్ కార్డ్‌తో రైజ్ అంటే లోపల మూసిన జత, లేదా దూకుడు మనిషైతే మూడు రంగు ముక్కలు. రైజ్ తర్వాత మధ్యరకం డోర్ కార్డ్‌తో ఊరికే కాల్ అంటే ఫ్లష్ కోసమో స్ట్రెయిట్ కోసమో వచ్చారు, కాదంటే ఆసు పక్కనున్న చిన్న జత. నాలుగో ముక్క తెరవగానే ఈ ఊహల్లో రెండోమూడో కొట్టేయవచ్చు. ఆటీను డోర్ కార్డ్ ఉన్న మనిషి నాలుగో ముక్కకు కళావరు పడగానే ఫోల్డ్ చేస్తే, మూడు ఆటీన్లతో వచ్చాడని అర్థం. ఈ హ్యాండ్‌లో మీకు దానితో పని లేదు, కానీ ఆ మనిషి రైజ్ మీదకు కూడా మూడు రంగు ముక్కలతో వస్తాడన్నది రాత్రంతా పనికొచ్చే విషయం.

ఒక హ్యాండ్ పూర్తిగా చూద్దాం. మీకు లోపల కళావరు రాణి, ఇస్పేటు 10. బయట డైమను రాణి. మిగతా డోర్ కార్డ్‌లు: కళావరు 2, డైమను 4, కళావరు 9, ఆటీను రాజు, ఇస్పేటు జాకీ, ఆటీను 7, ఇస్పేటు 6. కళావరు 2 బ్రింగ్-ఇన్ కట్టింది. 4, 9, రాజు ఫోల్డ్. మీరు 10కి పెంచారు. జాకీ ఫోల్డ్, ఆటీను 7 కాల్, మిగతా ఇద్దరూ ఫోల్డ్. పాట్ 41. రాణి చూపించి రైజ్ చేస్తే 7తో కాల్ చేశాడంటే, మూడు ఆటీన్లు, లేదా 7-8-9 లాంటి వరుస, లేదా ఒక జత. మీ రాణులు రెండూ లైవ్, పదులు మూడూ లైవ్. అతని ఆటీన్లలో రాజు ఒక్కటే పోయింది.

నాలుగో ముక్క: మీకు కళావరు 3, అతనికి ఆటీను జాకీ. మీరు 10 కట్టండి, ఆలోచించే పని లేదు. కాల్ చేశాడు. పాట్ 61. అయిదో ముక్క: మీకు డైమను 10, అతనికి డైమను 2. ఇప్పుడు మీకు రాణులు, పదులు రెండు జతలు. 20 కట్టారు, కాల్ చేశాడు. పాట్ 101. అతను మూడు ఆటీన్లతో మొదలుపెట్టి ఉంటే ఇప్పుడు నాలుగున్నాయి. అతనికి ఇంకా కనిపించని 38 ముక్కల్లో 8 ఆటీన్లు. రెండు ముక్కల్లో ఒకటైనా పడటం 38 శాతం. పాట్‌లో 81 ఉన్నప్పుడు 20 పెట్టి కాల్ చేశాడు కాబట్టి అతను చేసింది తప్పు కాదు. మీరు కట్టిందీ తప్పు కాదు. మీకు ఫుల్ హౌస్‌కు (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) నాలుగు ముక్కలు లైవ్, అది 20 శాతం.

ఆరో ముక్క: మీకు ఇస్పేటు 5, అతనికి ఆటీను 8. ఇప్పుడు అతని ముందు ఆటీన్లు మూడు: 7, జాకీ, 8. మాట మీదే. ఇక్కడ అలవాటుగా మళ్లీ 20 కట్టేసేవాళ్లే ఎక్కువ. చెక్ చేయండి. మీ బెట్‌కు అతని ఫ్లష్ రైజ్ చేస్తుంది, లేనిపోని జత ఫోల్డ్ చేస్తుంది. అతను 20 కడితే పాట్ 121, మీరు 20 పెట్టాలి, ఆరుకు ఒకటి. ఫుల్ హౌస్ పడే అవకాశం 36లో 4, అంటే ఎనిమిదిసార్లు తప్పితే ఒకసారి పడుతుంది. ఫ్లష్ ఖాయం అనుకుంటే వెంటనే దొరికే ధర చాలదు, కానీ ఫుల్ హౌస్ పడితే చివర్లో ఇంకో 20, 40 వస్తాయి. పైగా అతని దగ్గర ఫ్లష్ లేని అవకాశం కూడా ఉంది. కాల్ చేయండి.

ఆ అవకాశం ఎంతో అంచనా వేయడానికి ఒక చిన్న గుర్తు ఉంది. ఆటీను 8 పడగానే అతను లోపలి ముక్కలు ఎత్తి చూసుకున్నాడా? మూడు ఆటీన్లతో మొదలుపెట్టిన మనిషికి లోపల ఏమున్నాయో అయిదు నిమిషాలుగా తెలుసు, చూసుకోనక్కర్లేదు. జతతోనో వరుసతోనో వచ్చిన మనిషికి లోపలి రంగులు గుర్తుండవు. బయట మూడు ఆటీన్లయ్యాక లోపల కూడా ఏమైనా ఉందా అని ఎత్తి చూస్తాడు. చూసుకున్నాడంటే ఆరో ముక్కకు ఫ్లష్ పూర్తి కాలేదని ఎక్కువ నమ్మకంతో అనుకోవచ్చు. స్టడ్‌లో కంటికి కనిపించే గుర్తుల్లో ఇంత నమ్మదగ్గది ఇంకోటి లేదు. మిగతావి, అంటే చిప్స్ వైపు చూడటం, తన వంతు రాకముందే చిప్స్ పట్టుకుని మిమ్మల్ని భయపెట్టాలని చూడటం, ఏడో ముక్క ఎత్తి చూడకుండానే బెట్ కట్టడం లాంటివి మనిషిని బట్టి మారతాయి. ఒకే మనిషితో చాలా రోజులు ఆడాకే వాటిని నమ్మాలి.

డోర్ కార్డ్ జతపడితే

రాజు డోర్ కార్డ్‌తో రైజ్ చేసిన మనిషికి నాలుగో ముక్క మళ్లీ రాజే పడిందనుకోండి. మూడో ముక్క దగ్గరే అతని దగ్గర రాజుల జత ఉందని నమ్మారు కదా, ఇప్పుడవి మూడు. అదీకాక డోర్ కార్డ్ జతపడినప్పుడు నాలుగో ముక్క దగ్గరే 20 కట్టే వీలుంటుంది. మీది ఒక జత మాత్రమే అయితే అక్కడే ఫోల్డ్ చేయండి, ఎంత పెద్ద జతైనా సరే. ఒక్క మినహాయింపు: మిగతా రెండు రాజుల్లో ఒకటి మీ చేతిలోనో, ఫోల్డ్ అయిన ముక్కల్లోనో ఉంటే అతనికి మూడు రాజులుండాలంటే ఒక్క ముక్కే మిగిలింది, అనుమానం సగానికి తగ్గుతుంది. రెండూ కనిపించి ఉంటే అతని ముందున్న జత తప్ప లోపల రాజు లేదు. ఫోల్డ్ అయిన ముక్కలు గుర్తుపెట్టుకున్నవాళ్లకే ఈ లాభం.

నాలుగో ముక్కకో అయిదో ముక్కకో పడినది తర్వాత జతపడటం వేరే సంగతి. అది ఎక్కువగా రెండు జతలు, మూడు కావడం తక్కువ. రెండింటినీ ఒకేలా చూసి భయపడకండి.

అయిదో ముక్క అనే గడప

అయిదో ముక్క దగ్గర 20కి కాల్ చేశారంటే, ఆరో ముక్కకు 20, ఏడో ముక్కకు 20 కూడా దాదాపు కట్టినట్టే. అందుకని "ఇంకో 20 పెట్టనా" అని అడగకండి, "ఇంకో 60 పెట్టనా" అని అడగండి. ఎదుట మీకన్నా పెద్ద జత తెరిచి కనిపిస్తుంటే, మీకు ఒకే జత ఉంటే, వదిలేయండి. మీరు కాల్ చేసి రెండో జత తెచ్చుకున్నా అతనికీ రెండో జత రావచ్చు, అప్పుడు ఇంకా ఎక్కువ కోల్పోతారు.

నాలుగు రంగు ముక్కలుంటే సాధారణంగా ఆడాల్సిందే. ఫోల్డ్ అయిన ముక్కల్ని లెక్కలోకి తీసుకోకపోయినా రెండు ముక్కల్లో ఫ్లష్ 35 శాతం. మూడే రంగు ముక్కలుండి అయిదో ముక్కకూ రంగు రాకపోతే మారు మాట లేకుండా ఫోల్డ్. అసలు దీన్ని ఒక ముక్క ముందే తేల్చుకోవాలి: మూడో ముక్క దగ్గర మీ రంగు ఎక్కడా కనిపించనప్పుడు కూడా, నాలుగోది మీ రంగే పడితే ఫ్లష్ అవకాశం 53 శాతం దాకా లేస్తుంది, పడకపోతే 14కు దిగుతుంది. అంత తేడా ఉన్నప్పుడు నాలుగో ముక్క తప్పిపోయినా "10 చిప్సే కదా" అని వెళ్లేవాళ్లు నెలాఖరుకు కోల్పోయేది చాలా ఉంటుంది.

చివరి ముక్క

ఏడోది అందరికీ మూసి పడుతుంది. ఎనిమిది మందీ చివరిదాకా ఉంటే 56 ముక్కలు కావాలి, పేకలో 52 ఉన్నాయి. అప్పుడు ఒక ముక్క అందరికీ కలిపి మధ్యలో తెరుస్తారు. ఇది అరుదు.

ఇక్కడ రెండు మాటలు. మొదటిది, కాల్ చేసే ముందు పాట్ చూడండి. పై హ్యాండ్‌లో మీరు ఆరో ముక్కకు కాల్ చేశాక పాట్ 141. అతను చివర్లో 20 కడితే 161 కోసం 20 పెట్టాలి. తొమ్మిదిసార్లలో ఒక్కసారి అతని దగ్గర ఫ్లష్ లేకపోయినా ఆ కాల్ లాభమే. అంటే ఉట్టి బ్లఫ్‌ను (ఏమీ లేకుండా కట్టిన బెట్‌ను) ఓడించగల ముక్కలున్నా చాలాసార్లు కాల్ చేయాలి. రెండోది, ఒక జతతోనో చిన్న రెండు జతలతోనో, ఫ్లష్ కోసం కూర్చున్నట్టు స్పష్టంగా కనిపిస్తున్న మనిషి మీదకు మీరు ముందుగా బెట్ కట్టకండి. ఫ్లష్ తప్పితే ఫోల్డ్ చేస్తాడు, తగిలితే రైజ్ చేస్తాడు, రెండు విధాలా మీకు వచ్చేదేమీ లేదు. చెక్ చేస్తే తప్పిన మనిషి బ్లఫ్ చేసే అవకాశమైనా ఉంటుంది. బయట అతనికి ఒక జత కూడా కనిపిస్తుంటే మాత్రం సంగతి మారుతుంది, జతతో కాల్ చేస్తాడు కాబట్టి మీరు కట్టవచ్చు.

స్నేహితుల బల్ల మీద

ఇంటి ఆటల్లో బ్లఫ్ దాదాపు మానేయండి. ఏడో ముక్క చూడకుండా వదలని మనిషిని బెట్‌తో పంపించలేరు. బదులుగా మంచి హ్యాండ్ ఉన్నప్పుడు ప్రతి ముక్కకూ కట్టండి, వాళ్లు కాల్ చేస్తారు. మొత్తం లాభం అక్కడే ఉంది. బ్లఫ్ పనిచేసేది వదలడం తెలిసినవాళ్ల మీదే: మీ ముందు నాలుగు ముక్కలూ ఒకే రంగు తెరిచి, అవతలి మనిషి ఒక జతతో ఆలోచిస్తున్నప్పుడు. ప్రపంచ స్థాయిలో ఈ ఆట ఇప్పటికీ నడుస్తోంది, హార్స్ అనే అయిదు ఆటల కలయికలో కూడా. 2006లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో 50,000 డాలర్ల హార్స్ పోటీ మొదటిసారి పెట్టినప్పుడు చిప్ రీస్ గెలిచాడు, స్టడ్‌లో ఆయన చేయి గట్టిదని అందరికీ తెలుసు. ఆ స్థాయి బల్లల మీద ఆడే బ్లఫ్‌లు మీ శుక్రవారం బల్లకు తెచ్చుకోవద్దు.

ఇది చదివే ఆంధ్ర, తెలంగాణవాళ్లకు ఒక మాట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి నిషేధించాయి, 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం చేసింది. సాధనకు డబ్బు అక్కర్లేదు. ఒక పేక తీసుకుని బల్ల చుట్టూ ఎనిమిది చోట్ల మూడేసి ముక్కలు పంచండి, రెండు మూసి ఒకటి తెరిచి. ఒక చోటు మీదనుకుని లోపలి ముక్కలు చూడండి. అయిదు సెకన్లు చుట్టూ చూసి, మిగతా ఏడు డోర్ కార్డ్‌లూ బోర్లా తిప్పేయండి. ఇప్పుడు చెప్పండి: మీ అంకెలు ఎన్ని పోయాయి, మీ రంగు ఎన్ని పోయాయి, పోయిన ఏడింటినీ చిన్నదాని నుంచి పెద్దదాకా. తిప్పి సరిచూసుకోండి. వరుసగా పదిసార్లు తప్పులేకుండా చెప్పగలిగేదాకా నాలుగో ముక్క జోలికి వెళ్లకండి. ఆ తర్వాత నాలుగో ముక్క కూడా పంచి, మూడు చోట్ల ఫోల్డ్ అయినట్టు ముక్కలు తీసేసి, అదే మళ్లీ చేయండి.